చెన్నై నుంచి వేలూరు కోట, చుట్టుపక్కల: ఒక్క రోజులో అవుతుందా?

తాంబరంవాసి:
నెల్లూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకు చరిత్రంటే ప్రాణం, మోకాళ్లు మాత్రం అంతంతే. శుక్రవారమో శనివారమో తెల్లారి బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలి. వేలూరు కోట, లోపలి గుడి, విరించిపురం గుడి, ఆర్కాటు, నాలుగూ కుదురుతాయా? కారు మేలా, రైలా? శ్రీపురం గోల్డెన్ టెంపుల్ ఈసారికి వద్దు.

రైలుబండి:
శుక్రవారం వద్దండీ, కోటలో మ్యూజియంలకు ఆ రోజే సెలవు. రాష్ట్ర ప్రభుత్వ మ్యూజియం రెండో శనివారం కూడా తియ్యరు, క్యాలెండర్ చూసి పెట్టుకోండి.

కోట, గుడి చాలనుకుంటే రైలే హాయి. సెంట్రల్‌లో ఏడున్నర దాటాక బెంగళూరు వెళ్లే బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సుమారు రెండు గంటల్లో కాట్పాడి, వేలూరుకు దిగాల్సింది అక్కడే. టికెట్ కోసం వేలూరు పేరు వెతికితే కంటోన్మెంట్ స్టేషన్ వస్తుంది. అది విల్లుపురం లైన్లో ఉంది, చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే బళ్లు అటు పోవు. కాట్పాడి నుంచి కోట ఏడెనిమిది కిలోమీటర్లు. పాత బస్టాండు దగ్గర దిగాలి, కోట ఎదురుగానే. ఆటోవాడికి ఉత్తినే బస్టాండు అంటే హైవే పక్కనున్న కొత్త దానికి తీసుకెళ్లినా వెళ్తాడు. ఒకవేళ రాత్రి ఆగాల్సొస్తే లాడ్జీ ముందే బుక్ చేసుకోండి, సీఎంసీ ఆసుపత్రికి వచ్చే రోగుల వాళ్లతో ఎప్పుడూ కిటకిటే.

పాతకోటలపిచ్చి:
నాలుగూ కావాలంటే కారే. అందరూ కోటతో మొదలుపెడతారు, అక్కడే లెక్క తప్పుతుంది. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, మళ్లీ సాయంత్రమే. అందుకని దూరంగా ఉన్నది ముందు చూసి వెనక్కి రండి. ఐదున్నరకల్లా బయల్దేరితే తొమ్మిదికి విరించిపురం (వేలూరు దాటాక పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు). పదింటికి అక్కడ లేస్తే పదకొండు లోపు కోటలో జలకంఠేశ్వరుడి గుడి. భోజనమయ్యాక మ్యూజియం, వచ్చేదార్లో ఆర్కాటు.

గుళ్లో ముందు దర్శనం క్యూలోకి పోకండి. గోపురం దాటగానే ఎడమచేతి వైపు కల్యాణమండపం. ముందు వరస స్తంభాల మీద యాళీలు (సింహం లాంటి వింత మృగాలు), గుర్రపు రౌతులు ఉంటాయి, వాటికి ఎలాగూ కళ్లు పోతాయి. లోపలికెళ్లి తల పైకెత్తండి: కప్పు నడుమ ఒక కాయ, దాని చుట్టూ చిలకలు గోళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంటాయి, ముక్కులన్నీ కాయ వైపే. ఏనుగుకీ ఎద్దుకీ ఒకే తల పెట్టిన శిల్పం కూడా వెతకండి, ఒక సగం చేత్తో మూస్తే రెండోది తేలుతుంది. కంపెనీ వాళ్లు ఈ గుడిని ఆయుధాల కొట్టుగా వాడారు. లింగం వేలూరు పక్కనే ఉన్న సత్తువాచారిలో ఉండేది, 1981లో తిరిగి ప్రతిష్ఠించారు.

పదకొండు దాటితే రాతి నేల కాలుతుంది, నాన్నగారికి సాక్సులు పెట్టుకెళ్లండి. బురుజుల మీద నీడ లేదు, మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం ఎక్కే పని పెట్టుకోవద్దు. టిప్పు మహల్, హైదర్ మహల్ బయటినుంచి చూసే లెక్కే అనుకోండి.

తాంబరంవాసి:
చాలా థాంక్స్ అండీ. విరించిపురంలో నీడ గడియారం ఉందంటారు, టైము తప్పు చూపిస్తుందట కదా?

పాతకోటలపిచ్చి:
తప్పు దానిది కాదు. రాతి మీద అర్ధచంద్రాకారంలో గీతలు, అంకెలు ఉంటాయి, పైనున్న గాడిలో సన్నటి పుల్ల పెడితే నీడ అంకె మీద పడుతుంది. మన ఫోన్ టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఊరు 79 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే ఆ తేడాకే పద్నాలుగు నిమిషాలు వెనక. ఫిబ్రవరి మధ్యలో సూర్యుడే మరో పద్నాలుగు నిమిషాలు ఆలస్యం, మొత్తం అరగంటకు దగ్గర. నవంబరు మొదట్లో చూస్తే దాదాపు సరిపోతుంది. పుల్ల వంకరైతే ఈ లెక్కంతా వృథా. మబ్బు పట్టిన రోజు దీనికోసం పొద్దున్నే పరుగులు పెట్టొద్దు.

అరవీటిఅభిమాని:
నాన్నగారికి చరిత్ర ఇష్టమంటే కోట కథ బయల్దేరేముందే చెప్పండి. రాయవేలూరు (వేలూరు పాత పేరు) విజయనగరాన్ని చివర్లో ఏలిన అరవీటి రాయల రాజధాని. 1614లో వేంకటపతి రాయలు పోయాక జగ్గరాయడనే సామంతుడు కొత్తగా గద్దెనెక్కిన శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా ఇక్కడే చంపించాడు. రాయల పక్షాన నిలిచిన యాచమ నాయకుడు రాజుగారి పిల్లల్లో ఒక్కణ్ని చాకలి చేత బయటికి దాటించాడంటారు, ఆ పిల్లాడే రామదేవరాయలు. ఫలానా గదిలోనే జరిగిందని ఎవరైనా చూపిస్తే డబ్బులివ్వకండి.

కోటకు దగ్గర్లోనే పాలారు ఒడ్డున ముత్తుమండపం ఉంది: 1832లో ఇక్కడ బందీగానే పోయిన శ్రీలంకలోని క్యాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడి సమాధి. మధుర వైపు నుంచి వెళ్లిన నాయకుల వంశం, మనవాళ్లే. మెట్ల బాధ పెద్దగా ఉండదు.

ఆర్కాటుకు ఇరవై నిమిషాలు చాలు, క్లైవు 1751లో ముట్టడిని తట్టుకున్న కోటలో ఢిల్లీ గేటే మిగిలింది. దానికంటే ఆ పాతిక కిలోమీటర్ల దారే ముఖ్యం. 1806 జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డప్పుడు ఇంగ్లీషు అధికారి గిలెస్పీ గుర్రపు దళంతో ఆర్కాటు నుంచి వేలూరుకు వచ్చింది ఇటునుంచే. ఐదు దాటితే రాణిపేట దగ్గర ట్రాఫిక్ ఉంటుంది, నాలుగున్నరకే కదలండి.