దుబాయ్ కారును కరీంనగర్‌కు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: అన్నలూ, పన్నెండేళ్ల తర్వాత వచ్చే మార్చిలో కుటుంబంతో సహా కరీంనగర్ వచ్చేస్తున్నాం. 2020 మోడల్ టొయోటా క్యామ్రీ కారు ఉంది, జీసీసీ స్పెక్ (అంటే గల్ఫ్ దేశాల కోసం తయారైన బండి), గీత కూడా పడలేదు. ఇక్కడ అడుగుతున్న రేటుకు అమ్మబుద్ధి కావట్లేదు. ఇంటి సామానుతో పాటు కారునూ కంటైనర్లో వేస్తాననీ, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ (విదేశం వదిలి ఇంటికి తిరిగొచ్చేవాళ్లకు ఇచ్చే కస్టమ్స్ రాయితీ) కింద డ్యూటీ పడదనీ ఒక ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ఆయనకు అడ్వాన్స్ ఇవ్వలేదు కదా? మన కస్టమ్స్ చట్టం ప్రకారం మోటారు వాహనం అసలు బ్యాగేజీ కిందకే రాదు. టీవీ, ఫ్రిజ్‌లకు దొరికే రాయితీ కారుకు లేదు. డ్యూటీ కట్టడానికి సిద్ధపడ్డా నీ బండి రాదు. వాడిన కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. దుబాయ్ బండికి ఎడమవైపు. రెండింట్లోనూ తప్పింది.

మరొకరు: మా బావ లండన్ నుంచి తెచ్చాడు. అక్కడా కుడి స్టీరింగే కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ వాడిన కారును ముంబై పోర్టులోనే దించాలి, ఓడెక్కించే ముందే తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి, ఇక్కడికొచ్చాక పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ లాంటి చోట మళ్లీ పరీక్ష. ఒక కాగితం తక్కువైందని బండి అక్కడే ఆగిపోతే పోర్టు అద్దె, ఆటో మీటరులా తిరిగింది. డ్యూటీ, పన్నులు కలిపి కారు ధరనే దాటాయి. ఇప్పటికీ ఆ ఊసెత్తితే అక్క లేచి వెళ్లిపోతుంది.

ప్రశ్నించినవారు: షార్జాలో స్టీరింగ్ కుడివైపుకు మార్చే గ్యారేజీలు ఉన్నాయట?

జవాబు: స్టీరింగ్ మారుస్తారు, తయారైన సంవత్సరాన్ని ఎవరు మారుస్తారు? 2025లో డీఆర్ఐ (కస్టమ్స్ ఎగవేతలను పట్టుకునే కేంద్ర నిఘా విభాగం) వాళ్లు హైదరాబాద్ లగ్జరీ కార్ల డీలర్ ఒకరిని అరెస్టు చేసిన వార్త చదివే ఉంటావు. విదేశీ కార్లను దుబాయ్, శ్రీలంకల్లో కుడి స్టీరింగ్‌కు మార్పించి, తక్కువ ధర చూపించి తెచ్చారన్నదే ఆరోపణ. ఆ తలనొప్పి మనకెందుకు?

ఇంకొకరు: కార్నే (బండిని డ్యూటీ లేకుండా తాత్కాలికంగా తెచ్చే అనుమతి పత్రం) మీద తేవచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు, ముందే చెప్తున్నా. అది టూరిస్టుల కోసం. గడువులోగా బండిని తిరిగి దేశం దాటించాల్సిందే. ఇక్కడే ఉండిపోయేవాళ్లకు పనికిరాదు.

అమ్మే పని మాత్రం మార్చి దాకా లాగకు. వీసా, ఎమిరేట్స్ ఐడీ చెల్లుబాటులో ఉండగానే బండి పేరు మార్పించు. బ్యాంకు లోన్, ట్రాఫిక్ ఫైన్లు ముందే క్లియర్ చెయ్యి. టైమ్ ఉంటే డీలర్‌కు కాకుండా నేరుగా వాడుకునేవాళ్లకే చూపించు. జీసీసీ స్పెక్ అన్నావు, సర్వీస్ రికార్డు మొత్తం ఉంటే ఇంకాస్త రేటు పలుకుతుంది.

ప్రశ్నించినవారు: సరే అన్నా, రేపే సర్వీస్ కాగితాలు వెతుకుతా. అడ్వాన్స్ మాత్రం ఐదు వందల దిర్హాములు ఇచ్చేశాను.