అప్‌డేట్: పాప తెల్లవారుజామున 4:30కే లేవడం తగ్గింది

రెండు నెలల కింద ఇక్కడే అడిగాను. మా పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. రాత్రి పది దాటాక పడుకున్నా 4:30కే లేచి కూర్చునేది. జవాబులిచ్చిన అక్కలకు, అన్నలకు చాలా థ్యాంక్స్. ఇప్పుడు ఆరింటిదాకా పడుకుంటోంది.

పనిచేసింది "ఇంకా తొందరగా పడుకోబెట్టండి" అన్న సలహా. నాకైతే అస్సలు నమ్మకం కుదరలేదు, ఆలస్యంగా పడుకుంటే ఆలస్యంగా లేస్తారనే కదా అనుకుంటాం. హనుమకొండలో మేం చూపించే పిల్లల డాక్టర్ కూడా అదే చెప్పారు. బాగా అలసిపోతే పిల్లలకు నిద్ర నిలవదట. ఈ వయసులో పగటి నిద్రతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటలు కావాలి, మా పాపకు పది కూడా అయ్యేది కాదు. చెవులు, బరువు చూసి అన్నీ బాగున్నాయన్నారు.

మా ఆయన షాపు మూసి వచ్చేదాకా పాపను మేలుకోబెట్టేవాళ్లం, అదే అసలు కారణం. రెండు రోజులకోసారి పావుగంట ముందుకు జరుపుతూ ఎనిమిదికి తెచ్చాం. మొదటి పది రోజులు ఏ మార్పూ లేదు, నాకే ఏడుపొచ్చింది. మూడో వారంలో ఐదు దాటింది. తూర్పు కిటికీకి మందపాటి దుప్పటి కట్టాక ఇంకో అరగంట కలిసింది.

పళ్లు రావడం, దిష్టి, రాత్రి రాగిజావ, వీటికీ దీనికీ మా పాప విషయంలో సంబంధం లేదు. జావ మానేశాక కూడా ఆకలితో లేవలేదు.

వాళ్ల నాన్న ఇప్పుడు పొద్దున ఆరింటికి లేచి, గంటసేపు పాపతో ఆడుకున్నాకే షాపుకు పోతున్నారు.