‘ఇట్’ని తెలుగులో ఏమనాలి?

1927లో వచ్చిన మూకీ చిత్రం ‘ఇట్’ టైటిల్ కార్డుల్ని (మాటల బదులు తెర మీద వేసే రాతల్ని) తెలుగు చేస్తున్నాను. క్లారా బో అందులో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లో కౌంటర్ దగ్గర నిలబడే బెట్టీ. స్టోరు యజమాని మీద మనసు పడుతుంది. బెట్టీని ‘పనిపిల్ల’ అంటే అంట్లు తోమే పిల్ల అనుకుంటారు, ‘ఉద్యోగిని’ అంటే ఫైళ్ళు గుర్తొస్తాయి. అందుకే సేల్స్‌గర్ల్ అనే రాశాను. చిక్కంతా ‘ఇట్’ దగ్గరే: ఎదుటివాళ్ళని ఇట్టే లాగేసే గుణానికి సినిమాలో పెట్టిన పేరది. ‘అది’ అనొచ్చా?

జవాబు:
‘అది’ వద్దండీ. మన భాషలో బస్సు వచ్చినా ‘వచ్చింది’, అమ్మాయి వచ్చినా ‘వచ్చింది’. చనువుకొద్దీ అన్నా, చులకనగా అన్నా ఆడపిల్లని ‘అది’ అనేస్తాం. ‘ఆ పిల్లలో అది ఉంది’ అని కార్డు మీద వేస్తే చదివేవాళ్ళకి బూతు స్ఫురిస్తుంది. పనికి వేసుకెళ్ళిన గౌనునే కత్తెరతో కత్తిరించి, రిట్జ్ అనే ఖరీదైన హోటల్లో డిన్నరుకి తలెత్తుకు వెళ్ళిన పిల్ల బెట్టీ. ఆమెకి ఆ మాట తగదు.

‘కళ’ బాగుంటుంది గానీ, అది ముఖానికే అతుక్కుంటుంది. ‘ఆకర్షణ’లో చేసే ప్రయత్నం కనిపిస్తుంది. ‘ఇట్’ అనే కథ రాసిన రచయిత్రి ఎలినార్ గ్లిన్ చెప్పిన ‘ఇట్’కి షరతే వేరు: ఉన్నవాళ్ళకి తమలో ఉందన్న ధ్యాసే ఉండకూడదు. యజమాని స్నేహితుడు మాంటీ ఆ కథ చదివి, అద్దంలో చూసుకుని తనలో ఉందని మురిసిపోతాడు చూడండి, అక్కడే తేలిపోతుంది అతనిలో లేదని!

నా ఓటు ‘ఏదో’కి. ‘ఆ పిల్లలో ఏదో ఉంది’ అని మనం రోజూ అనే మాటే. ఒక్క జాగ్రత్త: పక్కన ‘లే’ చేరిందా, ‘ఏదో ఉందిలే’ అయిపోయి విలువంతా పోతుంది. మాంటీ అద్దం కార్డుకి ‘నాలోనూ ఏదో ఉంది!’ చక్కగా సరిపోతుంది.

మళ్ళీ అడిగినవారు:
చాలా సాయం చేశారు. మరి చివర్లో పడవ పేరు ‘ఇటోలా’లోంచి ‘ఇట్’ అనే రెండు ఇంగ్లీషక్షరాలే బెట్టీకీ యజమానికీ మధ్య కనిపిస్తాయి కదా, అక్కడో?

జవాబు:
అక్కడ ఏమీ రాయకండి. మొదటి కార్డులో మాత్రం ‘ఇట్, అంటే ఆ ఏదో’ అని ఒకసారి రెండు మాటల్నీ కలిపేయండి. పడవ దగ్గరికొచ్చేసరికి ఆ రెండక్షరాలూ చూడగానే తెలిసిపోతాయి.