ట్యాంక్ దించి బిగించాక 20 నిమిషాలకే బండి ఆగిపోతోంది, ఏ పైపు ఎక్కడికి?

హాఫ్‌చోక్:
ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి ట్యాంక్ దించాను. పెట్రోల్ లైన్ కాక ఇంకో రెండు సన్న పైపులు ఊడొచ్చాయి, ముందే ఫోటో తీసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. అందిన నిపుల్‌కి తగిలించి బిగించేశాను. ఇప్పుడు సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది, ఐడ్లింగ్ బానే ఉంది, కానీ 20 నిమిషాలు తోలాక పెట్రోల్ అయిపోయినట్టు రెండు మూడుసార్లు ఎగేసి ఆగిపోతోంది. ట్యాంక్‌లో సగం పైనే ఉంది! మూత తీస్తే 'ఉస్స్' మంటుంది, మళ్లీ ఇంకాసేపు నడుస్తుంది. పంపు పోయిందంటారా?

పాతపానా:
పంపు జోలికి పోకు తమ్ముడూ. ఆ ఉస్స్‌మనడం గాలి లోపలికి పీల్చడమా, బయటికి తన్నడమా? ఎండలో నిలబెట్టిన బండి కొంచెం బయటికి తన్నడం మామూలే. లోపలికి పీలుస్తోందంటే మాత్రం రోగం తెలిసినట్టే: పెట్రోల్ ఖర్చయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, ఆ దారి మూసుకుపోయింది, లోపల వాక్యూమ్ పెరిగి పంపు లాగలేకపోతోంది.

ఇక పైపుల సంగతి. మూత చుట్టూ ఉన్న గుంటలో పడే వాన నీళ్లు పోవడానికి ఒక డ్రెయిన్ పైపు, అది తిన్నగా కిందికి దిగి బయట వదిలేసి ఉంటుంది. రెండోది బ్రీదర్, అంటే ట్యాంక్‌కి గాలి ఆడే పైపు. చాలా బళ్లలో అది మధ్యలో ఒక రోల్‌ఓవర్ వాల్వ్ (బండి పడిపోతే మూసుకునేది) దాటుకుని బొగ్గు క్యానిస్టర్‌కి, అంటే పెట్రోల్ ఆవిరిని పట్టుకునే డబ్బాకి పోతుంది. ఈ రెండూ తారుమారైతే వాన నీళ్లన్నీ బొగ్గులోకే. క్యానిస్టర్ నుంచి ఒకటి పర్జ్ వాల్వ్ (ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) మీదుగా థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి గాలి పోయే చోటు), ఇంకోటి బయటి గాలికి తెరిచి ఉంటుంది. ఆ తెరిచిన కొసలో బురదో పురుగు గూడో ఉన్నా నీకొచ్చిన రోగమే వస్తుంది.

ముందు ట్యాంక్ వెనక వైపు ఎత్తి చూడు, బ్రీదర్ ఎక్కడైనా నలిగిందేమో.

స్ట్రెయిట్‌పైప్:
ఇంత గోల ఎందుకు బ్రో, ఆ డబ్బా పీకి పడేయ్. బరువు తగ్గుతుంది, పికప్ పెరుగుతుంది.

పాతపానా:
పికప్ ఏమీ పెరగదు. డబ్బా పీకి థ్రాటిల్ బాడీ నిపుల్‌కి మూత పెట్టకపోతే అక్కడ గాలి దొంగతనంగా దూరుతుంది, మిక్చర్ లీన్ అయి (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) ఐడ్లింగ్ ఎగిరెగిరి పడుతుంది. పైగా ఆవిరంతా బయటికే, బండి పెట్టిన గదంతా పెట్రోల్ వాసన. దానికంటే మూత అంచు దాకా నింపే అలవాటు మానితే మేలు. పొంగిన పెట్రోల్ బ్రీదర్‌లోంచి క్యానిస్టర్‌లోకి దిగి బొగ్గు తడిసిపోతే వేడి మీద స్టార్టింగ్ సతాయిస్తుంది.

రబ్బర్‌బుష్:
ఒక మాట. పైపు మార్చాల్సొస్తే పెట్రోల్‌కి తట్టుకునేదే కొనండి, మామూలు వాక్యూమ్ పైపు ఉబ్బి మెత్తబడిపోతుంది. కిందికి వేలాడే లూప్ వద్దు, అందులో పెట్రోల్ చేరి గాలిని ఆపేస్తుంది. సైలెన్సర్ పైపుకి దూరంగా పోనివ్వండి. జిప్ టై బిగిస్తే పైపు తిరగాలి, నొక్కుకుపోకూడదు. రోల్‌ఓవర్ వాల్వ్‌ని మాత్రం ముందెలా నిలబడి ఉందో అలాగే పెట్టాలి, పడుకోబెడితే బండి పడిపోయిందనుకుని మూసుకుంటుంది.

హాఫ్‌చోక్:
దొరికింది అన్నా! లోపలికే పీలుస్తోంది. ట్యాంక్ ఎత్తి చూస్తే వెనక మౌంటింగ్ రబ్బరు కింద బ్రీదర్ అప్పడంలా అణిగిపోయి ఉంది, వేళ్లతో నొక్కినా గుండ్రం కావట్లేదు. కొత్త ముక్క వేసి, ఫ్రేమ్ పక్కనున్న క్లిప్‌లోంచి పోనిచ్చి, ట్యాంక్ దించేటప్పుడు కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకుంటూ కూర్చోబెట్టాను. గంటన్నర తోలాను, ఆగలేదు. మూత తీస్తే చప్పుడే లేదు. డ్రెయిన్ పైపులో కొన్ని నీళ్లు పోసి చూశా, కింద నేల మీదే పడ్డాయి. ఈసారి ఫోటోలు 14 తీశాను.