స్కానింగ్ సెంటర్లో రెండు పూటల డ్యూటీనా, ఆసుపత్రిలో రొటేషనా?

ప్రశ్న (పాకాల నుంచి):
నమస్తే అన్నలూ, అక్కలూ. నాకు డి.ఎం.ఐ.టి. (ఎక్స్‌రే, స్కానింగ్ టెక్నీషియన్ డిప్లొమా) అయిపోయింది. తిరుపతిలో రెండు చోట్ల రమ్మంటున్నారు. ఒకటి స్కానింగ్ సెంటరు: పొద్దున 7 నుంచి 1 దాకా, మళ్ళీ సాయంత్రం 5 నుంచి 9 దాకా. ఇంకోటి ప్రైవేటు ఆసుపత్రి, మూడు షిఫ్టులు తిరుగుతాయంట. జీతం ఇంచుమించు ఒకటే. నాకు అల్ట్రాసౌండే నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో నైట్ డ్యూటీ వద్దంటారు. ఏది మేలు?

జవాబు (రేడియాలజీ టెక్నీషియన్, తిరుపతి):
చెల్లీ, మధ్యలో ఆ నాలుగు గంటల ఖాళీ ఎందుకొచ్చిందో ముందు తెలుసుకో. కడుపు స్కానింగుకు ఆరేడు గంటలు ఏమీ తినకుండా రావాల, లేకుంటే గాల్‌బ్లాడర్ ముడుచుకొని సరిగా కనపడదు. అందుకే జనం పొద్దన్నే వచ్చేస్తారు. సాయంత్రం సంగతి వేరే. డాక్టరు పగలంతా ఇంకో చోట పని చూసుకొని ఇక్కడికి వస్తారు. ఆయన ఆరున్నరకు వస్తే నీ 9 కాస్తా పదిన్నర అవుతుంది. ఆ వేళప్పుడు పాకాలకు ఏం దొరుకుతుంది? మధ్యాహ్నం ఇంటికి పోయి రావడమూ అయ్యే పని కాదు. రూము తీసుకుంటేనే సెంటరు మాట ఆలోచించు. బాడుగ తీసేస్తే రెండు జీతాలూ ఒకటి కావు.

జవాబు:
ఆడపిల్లకు సెంటరే మేలమ్మా. నైట్ ఉండదు.

జవాబు (తిరుపతి టెక్నీషియన్):
నైట్ ఉండదు సరే, రాత్రి పదిన్నరకు బస్టాండులో నిలబడేది ఉంటుంది కదన్నా! ఆసుపత్రి నైట్‌లో పొద్దున దాకా లోపలే ఉంటారు. నన్నడిగితే అదే భద్రం. కాకపోతే నైట్‌లో అల్ట్రాసౌండ్ రొంత తక్కువ, ఎక్స్‌రే, సి.టి. మీదే పని.

జవాబు (సెంటర్లో రికార్డులు చూస్తాను, చిత్తూరు):
టైముల కంటే ముందు అడగాల్సింది ఒకటుంది తల్లీ. డాక్టరు రాకముందే నిన్ను ప్రోబ్ (ఒంటి మీద పెట్టి స్కాన్ చేసే పరికరం) పట్టమంటారా? కొన్ని దేశాల్లో సోనోగ్రాఫర్లే, అంటే డాక్టరు కాని టెక్నీషియన్లే, స్కాన్ చేస్తారు. ఆ వీడియోలు చూసి మన పిల్లలు ఇక్కడా అంతే అనుకుంటారు. మన దేశంలో 1994 నాటి పి.సి.పి.ఎన్.డి.టి. చట్టం (కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనే చట్టం) ప్రకారం గర్భిణికి స్కాన్ చేయాల్సింది అర్హత ఉండి, ఆ సెంటరు రిజిస్ట్రేషన్లో పేరున్న డాక్టరే.

నీ చేతికొచ్చేది ఫారం-ఎఫ్. ప్రతి గర్భిణికీ ఒకటి: వయసు, విలాసం, ఉన్న పిల్లలు, చివరి నెలసరి తేదీ, ఎవరు పంపించారు, ఎందుకు పంపించారు. ఆమె సంతకం, డాక్టరు సంతకం. ఇందులో లోపముంటే చేతిరాత పొరపాటని సర్దుకోరు, చట్టాన్ని మీరినట్టే లెక్క. నెల రిపోర్టు తర్వాతి నెల 5వ తేదీలోగా పోవాల. అంటే నెల మొదట్లో 9కి ఇంటికి పోతాననుకోవద్దు. ఆ టైము డ్యూటీలో కలుపుతారా అని అడుగు.

ఇంకోటి. మగ డాక్టరు లోపలి నుంచి చేసే స్కానింగు చేసేటప్పుడు గదిలో ఆడమనిషి ఉండాల. అక్కడ నువ్వొక్కదానివే అమ్మాయివైతే వారం ఆఫ్ మీద ఆశ వదులుకో.

జవాబు (ప్రభుత్వాసుపత్రి):
రేపు గవర్నమెంటులో పడితే 9వ తేదీ గుర్తుపెట్టుకోమ్మా. 2016 నుంచి ప్రతి నెలా ఆ రోజు గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు. ఆ రోజు లీవు అడగొద్దు.

ప్రశ్న అడిగినామె:
అక్కా, సెంటరుకు ఫోన్ చేశాను. డాక్టరు లేటయితే ఎట్లా అంటే, "నువ్వు చూసేయ్ మ్మా, నేర్చుకోవాలన్నావు కదా" అన్నారు. ఇంక అక్కడికి పోను. ఆసుపత్రి ఇంటర్వ్యూ సోమవారం. అల్ట్రాసౌండ్ గదిలో ఎన్ని రోజులు వేస్తారని అడిగితే ఏమన్నా అనుకుంటారా?

జవాబు (తిరుపతి టెక్నీషియన్):
ఏమీ అనుకోరు, అడుగు. కొత్తవాళ్ళను ఎక్స్‌రేలో పెట్టి మరిచిపోతారు. పోయిన నెల డ్యూటీ చార్టు చూపించమను. నైట్ చేసిన మర్నాడు ఆఫ్ పడిందో లేదో అందులోనే తెలిసిపోతుంది.