టీవీ సొమ్ము సమంగా పంచితే ఫుట్‌బాల్ బాగుపడుతుందా?

ఎడమకాలు:
2023లో కింది డివిజన్ నుంచి ఇంగ్లండ్ అగ్ర డివిజన్ ప్రీమియర్ లీగ్‌కు ప్రమోట్ అయిన బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్, లూటన్ మూడూ ఒక్క సీజన్‌కే రెలిగేట్ అయ్యాయి, అంటే మళ్లీ కింది డివిజన్‌కు పడ్డాయి. తర్వాతి ఏడాది వచ్చిన లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లదీ అదే గతి. ఆరుకు ఆరు! ఇది ఆటలో తేడా కాదు, ఖజానాల్లో తేడా. ప్రసార హక్కుల సొమ్ములో కింది డివిజన్ల వాటా బాగా పెంచాలన్నది నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

మధ్యగీత:
కాదనే అంటాను. 2015-16లో ఇదే లెస్టర్ టైటిల్ కొట్టింది. సీజన్ మొదట్లో బుకీలు దానికి ఇచ్చిన ధర 5000కి 1, అంటే రూపాయి పందేనికి ఐదువేలు. మారెజ్, కాంటేలాంటి ఆటగాళ్లను పెద్ద క్లబ్బులకంటే ముందే కనిపెట్టడం ఆ క్లబ్ ప్రతిభ. పైగా ప్రీమియర్ లీగ్ ఇంగ్లండ్‌లో వచ్చే టీవీ సొమ్ములో సగం 20 క్లబ్బులకూ సమంగానే పంచుతోంది. మిగతా సగంలోనే స్థానాన్ని బట్టి, టీవీలో చూపిన మ్యాచ్‌లను బట్టి తేడాలు.

ఎడమకాలు:
గెలిచాక ఏమైందో కూడా చూడండి. కాంటే ఆ వేసవిలోనే చెల్సీకి వెళ్లాడు, మారెజ్ 2018లో మాంచెస్టర్ సిటీకి. 2023లో లెస్టరే రెలిగేట్ అయింది. 2019లో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో సెమీస్ ఆడిన నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ కూడా అంతే: ఆ వేసవికే డి యోంగ్ బార్సిలోనాకు, డి లిక్ట్ యువెంటస్‌కు. చిన్న క్లబ్ గెలవలేదని నేననడం లేదు. గెలిచిన జట్టును నిలబెట్టుకోలేకపోతోంది. నా బాధ అది.

మీరన్న సమాన పంపకం ఆ 20 క్లబ్బుల గోడ లోపలే. గోడ దాటి కింద పడినవాళ్లకు పారాచూట్ చెల్లింపులు, అంటే దెబ్బ తట్టుకోవడానికి ప్రీమియర్ లీగ్ కొన్నాళ్లు ఇచ్చే సొమ్ము, ఉన్నాయి, నిజమే. కానీ అవి అందని రెండో డివిజన్ క్లబ్బులు వాళ్లతో ఎలా పోటీపడాలి? అప్పులు చేసి.

పాతస్టాండు:
అప్పులంటే గుర్తొచ్చింది. బరీ 1900లో, 1903లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ గెలిచిన క్లబ్. 2019 ఆగస్టులో లీగ్ నుంచే తీసేశారు. ఆ వార్త చదివి రెండు రోజులు మనసు బాగాలేదు. అయితే న్యాయంగా చెప్పాలంటే అక్కడ యాజమాన్యం తప్పు పెద్దది. టీవీ సొమ్ము ఎక్కువ వచ్చినా అలాంటి చేతుల్లో నిలిచేది కాదు. పంపకంతోపాటు యజమానులమీద గట్టి తనిఖీ కావాలి.

మధ్యగీత:
బరీ సంగతి ఒప్పుకుంటాను. కానీ జర్మనీకి జవాబు చెప్పండి. అక్కడ క్లబ్ ఓట్లలో మెజారిటీ దాని సభ్యుల చేతిలో ఉండాలనే 50+1 నియమం ఉంది. అయినా 2013 నుంచి 2023 దాకా వరసగా 11 లీగ్ టైటిళ్లు బయర్న్ మ్యూనిక్‌వే.

ఎడమకాలు:
50+1 చెప్పేది క్లబ్ ఎవరి చేతిలో ఉండాలన్నదే, డబ్బు పంపకం గురించి కాదండీ. ఏటా చాంపియన్స్ లీగ్ ఆడే క్లబ్బుకు ఆ సొమ్ము అదనం. దాంతో సొంత లీగ్‌లో మిగతావాళ్లను ఇంకా వెనక్కి నెడుతుంది. 2004లో పోర్చుగల్ క్లబ్ పోర్టో గెలిచాక 2025 దాకా ఆ కప్పు స్పెయిన్, ఇంగ్లండ్, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ దాటి బయటికి పోలేదు. అంతకుముందు రొమేనియా క్లబ్ స్టెవా బుకారెస్ట్ 1986లో, యుగోస్లావియా క్లబ్ రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ 1991లో గెలిచాయి.

మధ్యగీత:
యూరప్ కోర్టు 1995లో ఇచ్చిన బోస్‌మన్ తీర్పుతో కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లకు క్లబ్ మారే స్వేచ్ఛ వచ్చింది, యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లమీద కోటాలు పోయాయి. దాన్ని వెనక్కి తిప్పమంటారా?

ఎడమకాలు:
అస్సలు వద్దు. ఆటగాడి హక్కు ఆటగాడిదే. నేనడిగేది క్లబ్బుల మధ్య పంపకం. ఇంగ్లండ్ లీగ్‌లో 1983 దాకా గేటు వసూళ్లలో అతిథి జట్టుకూ వాటా ఉండేది. ఎదుటి జట్టు లేకపోతే మ్యాచే లేదు కాబట్టి. పెద్ద క్లబ్బులు పట్టుబట్టి తీసేయించాయి. అదే లెక్క టీవీకి ఎందుకు వర్తించదు?

మధ్యగీత:
ఒకే డివిజన్‌లో ఆడుకునే రెండు జట్ల మధ్య అయితే ఆ వాటా న్యాయమే, అంతవరకు మీతో ఉన్నాను. ఎదురుపడి ఆడని కింది డివిజన్‌కు ఎంత, ఏ లెక్కన? అది చెప్పండి.

పాతస్టాండు:
అక్కడ తయారైన కుర్రాళ్లే కదా పైన ఆడేది! లెక్క అక్కడ మొదలుపెట్టండి.