అప్‌డేట్: జపాన్ పాత పాటల్లో అన్ని రైళ్లు, రేవులు ఎందుకని అడిగాను కదా

జపాన్‌లో ఎంకా అనే పాతకాలపు బెంగ పాటల్లో ఎప్పుడూ ఎవరో ఊరు విడిచి పోతుంటారు, భాష రాకపోయినా గుండె ఎందుకు బరువెక్కుతుంది అని పోయిన నెల అడిగాను. రాగం సంగతి చూడమని ఒకరు, ఉఎనో స్టేషన్ చరిత్ర చదవమని ఇంకొకరు చెప్పారు. రెండూ చేశాను.

రాగం తొందరగానే తేలింది. చాలా ఎంకా పాటల్లో పాశ్చాత్య సంగీతపు మైనర్ స్కేలు నుంచి నాలుగో, ఏడో స్వరాలు తీసేస్తారు. మిగిలిన అయిదూ మన శివరంజని రాగానికి చాలా దగ్గర, ధైవతం మాత్రం ఇంకాస్త కింద. మన చెవికి అందుకే పరాయిగా అనిపించదేమో.

నన్ను కదిలించింది మాత్రం ఉఎనో. టోక్యోలో ఉత్తరాది రైళ్లు ఆగే స్టేషన్ అది. 1954 నుంచి 1975 దాకా, బడి అప్పుడే ముగించిన పదిహేనేళ్ల పిల్లలను ఫ్యాక్టరీ పనులకూ దుకాణాలకూ ప్రత్యేక రైళ్లలో గుంపులుగా తెచ్చేవారు. పదిహేనేళ్లు! వాళ్లకు ఆ ప్లాట్‌ఫారమే సొంతూరి గుమ్మం.

ఇది తెలిశాక, ఇషికావా సయురి 1977లో పాడిన ‘త్సుగారు కైక్యో ఫుయుగెషికి’ (త్సుగారు జలసంధి చలికాలపు దృశ్యం) మళ్లీ విన్నాను. ఉఎనో నుంచి రాత్రి రైలు, మంచులో ఉత్తరాది రేవు అఒమోరి, మాటల్లేని జనం, ఒంటరిగా పడవ ఎక్కే ఆడమనిషి. 1988 మార్చిలో ఆ జలసంధి కింద సొరంగంలో రైళ్లు మొదలయ్యాక ఆ పడవల సర్వీసు ఆగిపోయింది. పాటలో ఆమె ఇంకా ఎక్కుతూనే ఉంది. రాత్రి నాలుగుసార్లు విన్నాను.

దారి చూపిన ఇద్దరికీ చాలా థ్యాంక్స్.